రెండు వరుసల ఇటుకలు

"వంట గట్టు ఎంతెత్తు పెట్టమంటరు మేడం?" అని మేస్త్రీ రాజేందర్ అడిగేసరికి ప్రిసిల్లా సింకు మీదికి వంగి పప్పుగిన్నె తోముతోంది. ఆ ప్రశ్న తనని కాదేమో అనుకుని తోముతూనే ఉంది. ప్లంబరు గానీ, రంగులేసేవాళ్లు గానీ, కరెంటు పనివాడు గానీ ఈ ఇంట్లో ఏది అడగాలన్నా హాల్లో కూర్చున్న మనిషినే అడుగుతారు. ఆమె వాళ్లకి టీ ఇచ్చే మనిషి. రాజేందర్ మాత్రం చేతిలో టేపు పట్టుకుని, ఆమె జవాబు కోసం అక్కడే నిలబడి ఉన్నాడు.

ఆమె నోరు తెరిచేలోపే హాల్లోంచి భర్త ఐజాక్ గొంతు వినిపించింది. "అందరిళ్లల్లో ఎంతుంటే అంతే పెట్టవయ్యా. స్టాండర్డ్ హైటు."

"అందరు మనుషులు ఒక్కతీరుంటరా సార్?" అన్నాడు రాజేందర్, హాలు వైపు తిరక్కుండానే. "మేడం, జెర నిటారుగ నిలవడుండ్రి. చెయ్యి మోచేతి కాడికి మడవుండ్రి. ఆఁ, గట్లనే."

నేల నుంచి ఆమె మోచేతి దాకా టేపు సాగింది. ప్రిసిల్లా ఊపిరి బిగబట్టి నిలబడింది. జాకెట్లు కుట్టే దర్జీ తప్ప ఇంతవరకూ ఆమెని ఎవరూ కొలవలేదు.

"నలభై రెండున్నర. మోచేతి కంటె నాలుగించులు, నాలుగున్నర కిందికుండాలె గట్టు. అంటే మీకు ముప్పై ఎనిమిది. ఇప్పుడున్నది..." వంగి చూశాడు. "ముప్పై రెండే! ఆరించులు తక్కువున్నది మేడం. నడుము నొస్తలేదా మీకు?"

నడుము! ప్రిసిల్లాకి నవ్వొచ్చింది, వెంటనే కళ్లు చెమర్చాయి. ఆ నడుం నొప్పికి ఈ ఇంట్లో పన్నెండేళ్ల చరిత్ర ఉంది. డాక్టరు కాల్షియం మాత్రలు రాశాడు. ఐజాక్ "వయసు" అన్నాడు, అప్పటికి ఆమెకి నలభై. అత్తగారు మేబెల్ "మా రోజుల్లో నడుం నొప్పనే మాటే తెలీదు" అంది. ఆఫీసులో మాధురి బెల్టు పెట్టుకోమంది. ఇన్నాళ్లూ లోపం తన ఒంట్లో ఉందనుకుంది ప్రిసిల్లా. అయిదడుగుల ఎనిమిదంగుళాల మనిషి. పెళ్లిచూపుల్లో మామగారు ప్రభుదాస్ ఆమెని ఎగాదిగా చూసి, "అమ్మాయి బాగా పొడుగే. మంచిదేలే, అటక మీది సామాన్లు దించడానికి స్టూలక్కర్లేదు" అంటే గదిలో అందరూ నవ్వారు. తనూ నవ్వింది. ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్లుగా అటక మీదివన్నీ తనే దించుతోంది, ఎక్కిస్తోంది. మిగతా సమయమంతా వంగి ఉంటోంది. తప్పు నడుముది కాదనీ, బండదనీ ఎవరూ అనలేదు. ఈ మనిషి వచ్చి పది నిమిషాలు కాలేదు, అనేశాడు.

రాజేందర్ ఎదురు గోడ మీద పెన్సిలుతో గీత గీసి "38" అని రాశాడు. ప్రిసిల్లా చెయ్యి తుడుచుకుని ఆ పెన్సిలు అడిగి తీసుకుంది. అంకె పక్కన తన పేరు రాసింది. ఎందుకు రాసిందో ఆమెకే తెలీదు. గుండె మాత్రం, పరీక్ష హాల్లో తెలిసిన ప్రశ్న వచ్చినప్పటిలా కొట్టుకుంది.

వెస్ట్ మారేడ్‌పల్లిలోని ఆ ఇల్లు ప్రభుదాస్ కట్టించింది. నరసాపురం నుంచి వచ్చి, ఇక్కడే పంతులుగా చేరి, హెడ్మాస్టరై, యాభై రెండేళ్ల కిందట ఈ స్థలం కొన్నారాయన. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ముందు వరండాకి ఇనప గ్రిల్లు, ఎత్తైన పైకప్పు, పాత టేకు తలుపులు, అన్నీ చూసినవాళ్లు మెచ్చుకునేవే. వంటింట్లోకి ఎవరూ రారు కాబట్టి దాని సంగతి ఎవరికీ తెలీదు. పైపు కారి గోడంతా ఉబ్బిపోయింది. చిన్న కిటికీ. ఎండాకాలం అందులో నిలబడితే చపాతీ కాలేది పెనం మీదో తన ఒంటి మీదో తెలిసేది కాదు. బాగు చేయిద్దామని పదేళ్ల నుంచి అంటోంది. "ఇప్పుడేం మునిగిపోయింది?" అనేవాడు ఐజాక్. మార్చిలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు భోజనానికి వచ్చారు. ఆయన చూస్తుండగానే పొయ్యి మీది పప్పుచారులో పైకప్పు పెచ్చు ఊడి పడింది. "మూత పెట్టుకోవాలి కదా ప్రిసిల్లా" అన్నాడు ఐజాక్. పాస్టరు గారు నవ్వి, "మూత ఏం ఆపుతుంది బ్రదర్, కప్పే దిగొచ్చేలా ఉంది. ముందు వంటిల్లు బాగు చేయించండి" అన్నారు. పదేళ్ల తన మాట కంటే ఆ ఒక్క మాట బరువెక్కువ. నెల తిరక్కుండా రాజేందర్ వచ్చాడు.

"నువ్వు నెల రోజులు సెలవు పెట్టేస్తావుగా" అన్నాడు ఐజాక్ ఆ రాత్రి భోజనాల దగ్గర. అడగడం కాదు, గుర్తు చేయడం. ఇంట్లో ఏది వచ్చినా ఆమె సెలవుల్లోంచే పోతుంది. అత్తగారి తుంటి ఆపరేషనుకి, ఆడపడుచు కాన్పుకి, ఇంటికి సున్నాలకి, కూతురి పెళ్లి పనులకి. బేగంపేటలో బీమా ఆఫీసులో ఇరవై ఆరేళ్ల సర్వీసులో తన కోసం పెట్టుకున్న సెలవు ఏదంటే ఆమెకి వెంటనే గుర్తు రాదు.

"పెట్టను" అంది ప్రిసిల్లా.

ఆ మాట ముందుగా అనుకున్నది కాదు. మధ్యాహ్నం మోచేతి దాకా సాగిన ఆ టేపు ఇంకా ఒంట్లో ఎక్కడో నిటారుగా నిలబడే ఉన్నట్టుంది.

"మీకు కాలేజీ లేదుగా, వేసవి సెలవులు. మీరుండండి."

ఐజాక్ కళ్లజోడు తీశాడు. "నేనా? వంటింటి పనికా?"

"పని రాజేందర్ చేస్తాడండీ. మీరు ఇంట్లో ఉండాలి. టీలు, అత్తయ్య గారి భోజనం, మందులు. ఉదయం నేను కొంత చేసి వెళ్తాను."

"కొంత అంటే?"

"కొంత" అని, ప్రిసిల్లా మజ్జిగ పోసుకుంది.

వంటింటిని వరండాలోకి మార్చడానికి ఒక శనివారమంతా పట్టింది. పాత భోజనాల బల్ల మీద గ్యాసు పొయ్యి, దాని పక్కన బక్కెట్లో నీళ్లు, కుర్చీల మీద డబ్బాలు. గ్రిల్లు అవతలే వీధి. ఇన్నేళ్లూ గోడల వెనక జరిగిన పని ఒక్కసారిగా మారేడ్‌పల్లి వీధిలోకి వచ్చేసింది. ఎదురింటి విమలమ్మ గేటు దగ్గర్నుంచే "ఏం అక్కా, హోటల్ షురూ చేసిన్రా?" అని అడిగింది. ప్రిసిల్లాకి పండక్కి ఊళ్లోకి వచ్చినంత హుషారుగా ఉంది. మొదటిసారి గాలిలో నిలబడి వంకాయలు వేయించింది.

లోపల రాజేందర్, అతని మనుషులు గట్టు పగలగొడుతున్నారు. షాబాదు బండ ఎత్తగానే అతను కేకేశాడు. "మేడం, ఇటు రాండ్రి! ఈడ కింద ఇంకో గట్టున్నది!"

నిజమే. బండ కింద, ఇటుకల మధ్యలో, మరీ కిందగా నున్నటి ఎర్ర గచ్చు. దుమ్ము తుడిస్తే ఇంకా మెరుస్తోంది. ప్రిసిల్లా వంగి చూస్తుంటే వెనక వాకర్ చప్పుడైంది. తుంటి విరిగిన ఈ నాలుగేళ్లలో మేబెల్ వంటింటి గడప దాటడం అదే మొదలు. అయిదడుగులు కూడా లేని మనిషి, వాకర్ మీద ఇంకా చిన్నగా కనిపిస్తుంది.

"అది నాదే" అంది మేబెల్. "ఇల్లు కడుతున్నప్పుడు మేస్త్రీ పక్కన నిలబడి, ఇంత చాలని నేనే చెప్పాను. ఏడేళ్లు దాని మీద వండాను. తర్వాత గ్యాసొచ్చింది. సిలిండరు కింద పట్టలేదు. మీ మామగారు సిలిండరుని కొలిపించి, దానికి సరిపడా బండ పైకి లేపించారు. ఇక నాకు అందలేదు. పీట మీద నిలబడి వండాను, నువ్వు కాపురానికొచ్చేదాకా. పదహారేళ్లు." ఎడం చెయ్యి తిప్పి చూపించింది. మణికట్టు నుంచి మోచేతి దాకా పాత మచ్చ. "ఇది పీట జారి, గంజితో పడినప్పటిది."

ఆ మచ్చని ప్రిసిల్లా వేలసార్లు చూసింది. ఆసుపత్రిలో ఆ చేతిని తడిగుడ్డతో తుడిచింది కూడా. ఎలా వచ్చిందని అడగలేదు.

"మా రోజుల్లో నడుం నొప్పి తెలీదనేవారు కదా అత్తయ్యా."

"నిజమే, నడుం నొయ్యలేదు. భుజాలు నొచ్చేవి, ఇలా ఎత్తి ఎత్తి."

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"ఎవరడిగారమ్మా?" అంది మేబెల్.

ప్రిసిల్లా ఆ బండ ముక్కల మధ్య నిలబడి లెక్క చూసుకుంది. ఒకామెకి ఎక్కువైన ఎత్తు, ఇంకొకామెకి తక్కువైంది. నలభై నాలుగేళ్లు ఇద్దరు ఆడవాళ్లు ఒక గట్టు దగ్గర నిలబడ్డారు. అది సరిగ్గా సరిపోయింది సిలిండరుకి. ఆమెకి కోపం రావాల్సింది. కానీ వచ్చింది కోపం కాదు, ఎవరో పక్కన వచ్చి నిలబడ్డట్టు ఒక వింత సంతోషం. ఈ ఇంట్లో అత్తగారితో తనకి చాలా తగాదాలున్నాయి. కూరలో ఉప్పు దగ్గర్నుంచి మనవరాలికి ఏ పేరు పెట్టాలన్నదాకా. ఇది మాత్రం ఇద్దరిదీ.

"ప్రిసిల్లా" అంది మేబెల్ కొంచెం సిగ్గుపడుతున్నట్టు, "కొత్త గట్టులో కిటికీ మూల కాస్త కిందికి కట్టిస్తావా? కుర్చీ వేసుకుని కూర్చుంటాను. నా టీ నేను పెట్టుకోవాలనుంది."

"రాజేందర్! అమ్మగారిని కూడా కొలువు!" అని ప్రిసిల్లా దాదాపు అరిచింది. కుర్చీ తెప్పించి, మేబెల్‌ని కూర్చోబెట్టి, మోచేతి కింద టేపు పెట్టించింది. ఇరవై ఎనిమిది. ఆ అంకె కూడా గోడెక్కింది, పక్కన మేబెల్ పేరుతో సహా.

సోమవారం నుంచి ప్రిసిల్లా రోజూలాగే పరేడ్ గ్రౌండ్ దగ్గర మెట్రో ఎక్కి ఆఫీసుకి వెళ్లింది. వరండాలో ఐజాక్ మిగిలాడు.

మొదటి రోజు ఆమె చేసిపెట్టిన కూరే వేడి చేశాడు, మాడింది. రెండో రోజు పనివాళ్ల టీకి పాలు పొంగించి బల్లంతా పోశాడు. మూడో రోజు ఉప్మా చేస్తుంటే, ఆటోలో వెళ్తున్న పాత విద్యార్థి ఒకడు దిగి, "సార్, మీరా!" అని దండం పెట్టాడు. ఆ సాయంత్రం ఐజాక్ మొహం చూడాలి. "వీధిలో పోయేవాళ్లంతా చూస్తున్నారు ప్రిసిల్లా. ఏం చేస్తున్నారు సార్ అని అడుగుతున్నారు. ప్రతివాడూ!" అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్లలో ఏం చేస్తున్నావని తనని అడిగినవాళ్లు లేరు అనబోయి, ఆయన చేతుల వైపు చూసింది. ఆయన వేళ్లకి పసుపు మరకలున్నాయి, బొటనవేలికి చిన్న కాలిన బొబ్బ. జాలేసింది. అయినా మందు రాసి ఊరుకుంది, గరిటె మాత్రం తీసుకోలేదు. అదే కష్టమైంది. చెయ్యి దానంతటదే వెళ్తోంది.

హాల్లో మంచం మీంచి మేబెల్ వంట చెప్పేది. "ఉల్లిపాయ సన్నగా కాదురా, నిలువుగా కొయ్యి. మంట తగ్గించు. తగ్గించమంటే ఆర్పేస్తావేంట్రా!" పది రోజులకి పప్పు కుదిరింది. పన్నెండో రోజు చేపల పులుసు పెట్టి, ప్రిసిల్లా గేటు తీస్తుండగానే గిన్నె మూత తీసి ఎదురొచ్చాడు. పులుపెక్కువైంది. "బావుందండీ" అంది, అబద్ధం కాదు, ఎవరో వండి పెడితే తినడం బావుంది.

ఆ రోజుల్లో ప్రిసిల్లా హ్యాండ్‌బ్యాగులో ఒక టైలు ముక్క ఉండేది. నిమ్మపండు పసుపు. మాధురి, ఆమె కలిసి భోజనం టైములో షాపుకెళ్లి ఎంచుకొచ్చారు. "మరక కనపడదు, క్రీమ్ కలర్ వేయిద్దాం" అన్నాడు ఐజాక్. "మరక కనపడితే తుడుస్తాం" అంది. మెట్రోలో సీటు దొరగ్గానే ఆ ముక్క బయటికి తీసి చూసుకునేది. కిటికీలోంచి ఎండ పడితే ఒక రంగు, రసూల్‌పుర స్టేషన్ నీడలో ఇంకో రంగు. పక్కన కూర్చున్న అమ్మాయి ఒకరోజు "ఏంటాంటీ అది?" అంటే, ప్రకాశ్‌నగర్ వచ్చేదాకా తన వంటిల్లు ఎలా ఉండబోతోందో చెప్పింది. కిటికీ పెద్దది చేయిస్తున్నాను, సింకు దాని కింద, చేతికందే ఎత్తులో అరలు, అటకనేదే ఉండదు. అంత మాట్లాడిందేమిటా అని దిగాక తనకే ఆశ్చర్యం వేసింది. ఆఫీసులో కాగితాల వెనక గట్టు బొమ్మలు గీసింది. పెళ్లికి ముందు కూడా ఇంత ఎదురుచూసిన గుర్తు లేదు.

పదిహేనో రోజు సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా నేరుగా లోపలికి నడిచింది. గట్టు కాళ్లు లేచాయి. ఇటుకల మీద సిమెంటు ఇంకా పచ్చిగా ఉంది. దగ్గరికి వెళ్లి నిలబడింది. అప్పుడు ఒక సంగతి జరిగింది. ఆమె ఏమీ అనుకోకముందే నడుం వంగింది. తల కిందికి దిగింది, భుజాలు ముందుకొచ్చాయి, చేతులు అలవాటైన చోట ఆగాయి. కొలవక్కర్లేదు. ఆ ఎత్తు ఆమె ఒంటికి తెలుసు.

కిటికీ మూల చూసింది. కిందికి కట్టాల్సిన చోట కూడా అదే ఎత్తు. గోడ మీద రెండు గీతలు, రెండు పేర్లు అలాగే ఉన్నాయి.

వెనక ఐజాక్ వచ్చి నిలబడ్డాడు. "నేనే చెప్పాను రాజేందర్‌కి. ముప్పై ఎనిమిదంటే వినడానికే వింతగా ఉంది. అక్క వచ్చి చూస్తే నవ్వుతుంది. రేపు ఇల్లు అమ్మాల్సొస్తే? అమ్మ సంగతంటావా, ఎనభయ్యేళ్ల మనిషికి నిప్పు దగ్గర పనేంటి? రేపు పొద్దున్నే గ్రానైటు వస్తోంది. నీకు అలవాటేగా ప్రిసిల్లా, ఇన్నేళ్లు చేశావు."

నీకు అలవాటేగా. ఆ మాట ఆమెకి ఎక్కడో లోపల తగిలి ఆగిపోయింది. అరవాలనిపించలేదు. ఏడుపొస్తుందేమో అనుకుంది, రాలేదు. మెల్లిగా నడుం ఎత్తి నిటారుగా నిలబడింది. అలా నిలబడితే ఐజాక్ కళ్లు, ఆమె కళ్లు ఒకే ఎత్తులో ఉంటాయి. ఇద్దరికీ అంగుళమే తేడా. ఈ గదిలో వాళ్లిద్దరూ అలా ఎదురెదురుగా నిలబడటం అరుదు.

"ఒకసారి సింకు వచ్చే చోట నిలబడి, గిన్నె తోముతున్నట్టు చెయ్యండి" అంది.

"ఇప్పుడెందుకు?"

"నిలబడండి."

ఐజాక్ నిలబడ్డాడు. వంగాడు. పది లెక్కపెట్టేలోపు లేవబోయాడు.

"లేవకండి. ఇంకా పెనం ఉంది, కుక్కరుంది, పాలగిన్నె ఉంది" అంది ప్రిసిల్లా. గొంతు పెంచలేదు.

గుమ్మంలో వాకర్ ఆగింది. "మీ నాన్న సిలిండరుని కొలిచాడు" అంది మేబెల్ కొడుకుతో. "నువ్వు ఎవర్ని కొలిచావురా?"

ఐజాక్ వంగిన మనిషి వంగినట్టే, రెండు చేతులూ పచ్చి ఇటుకల మీద ఆనించి, గోడ మీద ఉన్న పేర్ల వైపు చూశాడు. అవి ఆయనకి ఇన్నాళ్లూ కనిపించలేదని కాదు. చదవలేదంతే.

మర్నాడు ఉదయం ప్రిసిల్లా మాధురికి ఫోన్ చేసి ఆలస్యంగా వస్తానంది. గ్రానైటు వ్యాను వీధిలో ఆగి హారన్ కొడుతోంది. రాజేందర్ తల గోక్కుంటూ వచ్చాడు. "సారు చెప్పిండు మేడం, నేనేం జేస్త?"

"నువ్వు అడిగింది నన్ను రాజేందర్. జవాబు కూడా నేనే చెప్పాలి కదా. ముప్పై ఎనిమిది. కిటికీ మూల ఇరవై ఎనిమిది. కూలగొట్టాలంటే కూలగొట్టు, బండ ఆగుతుంది."

ఆమె పెద్ద గొడవకి సిద్ధమై వచ్చింది. రాత్రంతా మాటలు పేర్చుకుంది. రాజేందర్ ఇటుకల మీద టేపు పెట్టి, మట్టం చూసి, తేలిగ్గా అన్నాడు. "అమ్మ మూలకైతే కొంచెం తీసి కట్టాలె, అరపూట పని. మీ దిక్కు కూలగొట్టేదేం లేదు మేడం. పైన ఇంకో రెండు వరుసలు పడ్తయి, గంతే."

"రెండు వరుసలేనా?"

"రెండు వరుసలే."

ప్రిసిల్లా అక్కడే ఇసక బస్తా మీద కూర్చుండిపోయింది. ఇరవై ఎనిమిదేళ్లు. మందులు, బెల్టులు, వేడినీళ్ల సంచులు, ఆదివారం ఆరాధనలో నిలబడలేక వెనక బెంచీలో కూర్చున్న రోజులు, "ఎప్పుడు చూసినా నడుం నడుం అంటావ్" అన్న మాటలు. ఇవన్నీ లేకుండా ఉండటానికి కావలసింది రెండు వరుసల ఇటుకలు. అంత చిన్నదా అని ఆ ఇటుకల వైపే చూసింది. మరుక్షణం, అంత చిన్నదే కదా అని ఒళ్లంతా తేలికైపోయింది. నవ్వడం మొదలుపెట్టింది. రాజేందర్ కంగారుగా చూస్తుంటే చెయ్యూపి, ఇంకా నవ్వింది. తర్వాత చీర చెంగు దోపుకుని, ఇటుకలు తనే ఒక్కొక్కటీ అందించింది. రెండో వరుస పూర్తయ్యాక ఆఫీసుకి వెళ్లింది. చేతులకి సిమెంటు అంటుకునే ఉంది, కడుక్కోబుద్ధి కాలేదు.

వ్యానువాడిని ఆపి, బండ కొత్త కొలతకి కోయించుకొచ్చింది ఐజాకే. ఎవరూ చెప్పలేదు.

ఇంకో పది రోజులకి వంటిల్లు పూర్తయింది. పసుపు గోడల మీద పెద్ద కిటికీలోంచి ఎండ పడి, గదంతా వెలిగింది. మేబెల్ తన మూలలో కూర్చుని టీ పెట్టుకుని, సాసర్లో పోసుకుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసి మరీ తాగింది. ప్రిసిల్లా మొదటి రోజు దోసెలు పోసింది, నిటారుగా నిలబడి. పోస్తూ పోస్తూ పాట కూడా పాడింది. ఐజాక్ తిని, చేతులు కడుక్కుని, "హమ్మయ్య, నీ వంటిల్లు నీకొచ్చేసింది. ఇక నా డ్యూటీ అయిపోయింది" అన్నాడు. ఆమె ఆ మాటని మనసులో ఒక పక్కన పెట్టుకుంది.

శనివారం సాయంత్రం విమలమ్మ చూడ్డానికి వచ్చింది. వెనకే పక్కింటి వీరరాఘవమ్మ వచ్చింది. మాధురి మెట్రో దిగి వచ్చింది. తన పని చూపిస్తానని రాజేందర్, భార్య యాదమ్మని తీసుకొచ్చాడు. ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోతే ప్రిసిల్లా చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చింది. మగవాళ్లిద్దరూ హాల్లో కూర్చున్నారు.

మొదట విమలమ్మ గట్టు ముందు నిలబడి చూసింది. "నాకైతే ఇది మస్తు ఎత్తయితది అక్కా."

"మీది వేరే ఉంటుంది. చెయ్యి మడవండి" అంది ప్రిసిల్లా. రాజేందర్ టేపు తీసుకుని ఆమె మోచెయ్యి కొలిచింది. "మీ గట్టు ముప్పై నాలుగు ఉండాలి. మీ ఇంట్లో ఎంతుంది?"

"ఎవరికి ఎరుక? ఎన్నడు సూడలే."

ఇంక ఆపడం ఎవరి వల్లా కాలేదు. వీరరాఘవమ్మ కొంగు సర్దుకుని వరసలో నిలబడింది. "నా అరవై ఏళ్లలో నన్ను కొలిచినవాళ్లు లేరమ్మా, బరువు చూసే నర్సు తప్ప" అంటే అందరూ విరగబడి నవ్వారు. మాధురి తన కొలత ఫోన్లో రాసుకుంది. "రేపే మా ఇంట్లో చూస్తాను, తేడా ఉందో, అయిపోయారు వాళ్లు!" అంది. మేబెల్ తన మూలలోంచి ఎవరి భుజాలు నొస్తాయో, ఎవరి నడుం నొస్తుందో ఎత్తు చూసి చెప్పేస్తోంది. అన్నీ సరిపోతున్నాయి.

చివరికి యాదమ్మ మిగిలింది. ప్రిసిల్లా టేపు పట్టుకుంటే రెండడుగులు వెనక్కి వేసింది. "నాకెందుకమ్మా? మా ఇంట్ల గట్టే లేదు. కింద కూసోని వండుత."

యాదమ్మ హాలు వైపు చూసింది, గొంతు మాత్రం తగ్గించలేదు. "పదిహేనేండ్ల సంది అందరిండ్లల్ల గట్లు కడ్తడు. ఎవరి మోచెయ్యి ఎంతున్నదో నోటికి చెప్తడు. నన్నయితే ఒక్కనాడు కొల్వలె."

హాల్లో రాజేందర్ దగ్గిన చప్పుడు వినిపించింది. ప్రిసిల్లా మోకాళ్ల మీద కూర్చుని, టేపు చివర నేలకి ఆనించి, యాదమ్మ మోచేతి దాకా లాగింది. చిన్న కాగితం మీద అంకె వేసి, పేరు రాసి, ఆమె చేతిలో పెట్టింది. "ముప్పై మూడు. ఈ కాగితం ఇంటికి తీసుకెళ్లు" అంది.

యాదమ్మ ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూస్తుండగా హాల్లోంచి ఐజాక్ పిలిచాడు. "ప్రిసిల్లా, రెండు టీలు!"

ఆమె కాలు పొయ్యి వైపు కదిలింది. తనదొక్కటే కాదు. విమలమ్మ చెయ్యి గిన్నె కోసం వెతికింది. వీరరాఘవమ్మ పంచదార డబ్బా ఎక్కడని చూసింది. "నేను పెడ్తనమ్మా" అని యాదమ్మ ముందుకొచ్చింది. మేబెల్ కూడా వాకర్ పట్టుకుంది. ఒక్క కేకకి గదిలో ఆడవాళ్లందరూ ఒకే వైపు తిరిగారు. ఆ తిరగడం ప్రిసిల్లా చూసింది. చూసి, యాదమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. తను కూడా ఆగింది. అసలు కష్టం అదే, ఇటుకలు పేర్చడం కంటే.

"పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయండీ" అంది ప్రిసిల్లా మామూలు గొంతుతో. "రాజేందర్‌ని కూడా తోడు తీసుకుని రండి. మేం ఆరుగురం ఉన్నాం, అందరికీ కలిపి పెట్టండి."